బొత్తాల డబ్బాలో మాత్రలు

పిన్నికి నమస్కారాలు.

నాకు తొమ్మిదో నెల వచ్చింది. లోపల వీడు తంతున్నాడు, బయట నేను ఏడుస్తున్నాను. నాకో జబ్బుంది. పేరు రాయలేను, మనింట్లో జబ్బుల పేర్లు ఎవరూ పలకరుగా. పెళ్ళికి ముందునుంచీ ఉన్నదే, అప్పుడప్పుడూ తిరగబెడుతుంది. కాన్పయ్యేదాకా రోజూ మాత్రలు వేసుకోమంది డాక్టరమ్మ. మా ఆయనకి తెలుసు. అత్తగారి కంట పడకుండా అట్ట పారేసి సీసాలో పోసుకున్నాను. బిడ్డకీ వస్తుందేమోనని నిద్ర పట్టడం లేదు. ఇది విన్నాక కూడా పురిటికి వచ్చి వాణ్ణి ఎత్తుకుంటావా?

నీ అమ్మలు

తా.క. చదివి చింపెయ్.

*

అమ్మలూ,

చింపేశాను. జవాబు రాద్దామంటే నువ్వడిగింది గుర్తురాక మళ్ళీ ముక్కలు అతికించుకున్నాను. పేరు రాయకపోతే నాకు తెలీదనుకున్నావా? నాకూ అదే, పన్నెండేళ్ళయింది. నా మాత్రలు కుట్టుమిషను పక్కన బొత్తాల డబ్బాలో ఉంటాయి. రోజూ మీ బాబాయే గుర్తు చేస్తాడు. మీ అమ్మమ్మకీ ఉండేది. సిగ్గెందుకే?

నీ పిన్ని

తా.క. మా పోస్టుమాస్టరుకీ ఉంది. డాక్టరు దగ్గరికి పంపింది నేనే.

*

పిన్నీ,

నీకూ హెర్పిసేనని తెలిశాక ఆ పేరు రాసేశాను. కానీ అమ్మమ్మకా? బాబాయి అంత శాంతంగా గుర్తు చేస్తున్నారా? ఆయన దేవుడు. ఒక్కటి చెప్పు, అది పోస్టుమాస్టరు నుంచి నీకొచ్చిందా, నీ నుంచి ఆయనకా? ఏదైనా నాకనవసరం. నువ్వే రావాలి, వాణ్ణి ముందు నువ్వే ఎత్తుకోవాలి.

నీ అమ్మలు

తా.క. ఇప్పుడు కింద పుండ్లేమీ లేవు కదా?

*

అమ్మలూ,

నాకు పుండ్లేమిటే? నాది దిగులు జబ్బు, మనసుకి వేసుకునే మాత్రలు. పోస్టుమాస్టరు గుండెదడ మనిషి, కిటికీ ముందు నలుగురు నిలబడితే ఆయనకి చెమటలు పట్టేవి. జబ్బు పేరు పలకని ఇంట్లో వ్యవహారం ఇలాగే అఘోరిస్తుంది.

ఎవరికోసమో చెప్పకుండా ఇక్కడి డాక్టరమ్మని అడిగొచ్చాను. పాతదైతే బిడ్డకి సోకడం చాలా అరుదట. మాత్రలు మానకు. నొప్పులొచ్చేనాటికి పుండూ మంటా లేకపోతే మామూలు కాన్పేనట, ఉంటే ఆపరేషన్ చేసి తీస్తారట. ఏమాత్రం తేడాగా అనిపించినా ముందే చెప్పాలట. నీ ఏడుపూ, నిద్ర పట్టకపోవడమూ మీ డాక్టరమ్మకి చెప్పావా? దానికీ వైద్యముంది. ఆ శాఖలో నేను సీనియర్ని.

సిగ్గెందుకని నీకు రాశానే గానీ, నా మాత్రల సంగతి తెలిస్తే చేతికి పసిబిడ్డనివ్వరని పన్నెండేళ్ళుగా ఎవరి పురిటికీ వెళ్ళలేదు. నువ్వేమో నాకు పోస్టుమాస్టరుని అంటగట్టి మరీ, వాణ్ణి ముందు నేనే ఎత్తుకోవాలన్నావు. అక్కడ ఏడ్చాను. శనివారం బస్సెక్కుతున్నాను.

నీ పిన్ని

తా.క. నీ ఉత్తరం మీ బాబాయీ చదివాడు. తపాలా బిళ్ళలు ఇకనుంచి తనే వెళ్ళి తెస్తాడట.