సుద్దముక్క

రాయపూర్, జూన్, శనివారం రాత్రి

ఈ రోజు సుద్దముక్కను రైల్వే వర్క్‌షాపులోనే వదిలేసి వచ్చాను. ఇరవై ఏళ్లుగా వ్యాగన్లలో లోపం కనిపించిన చోటల్లా ఇంటూ మార్కు పెట్టడమే నా పని. ఆ పాడు అలవాటు ఇంటికీ వచ్చేసింది. లక్ష్మి మడతపెట్టిన దుప్పట్లు విప్పి మళ్ళీ మడతపెడతాను. పాప తన పుస్తకాలకు వేసుకున్న అట్టలు ఊడదీసి మళ్ళీ వేస్తాను.

నిన్న లక్ష్మి అంది, "మీతో ఉంటే రోజూ చెకింగ్‌లో నిలబడ్డట్టే ఉంటాది."

అందుకే ఇవాళ నోరు మూసుకోవాలనుకున్నాను. సాయంత్రం పాప కొత్త పుస్తకానికి అట్ట వేసి చూపించింది. ఒక మూల ఉబ్బింది. చెయ్యి దురద పెట్టినా ఆపుకుని, "బాగుందమ్మా" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది.

"ఝూట్ చెప్తున్నావు నాన్నా. కోనా టేఢా ఉంది, చూడు." ఆ వంకర మూల మీద వేలు పెట్టి చూపించి, అట్ట పీకేసింది.

మంచం కింద అలా పీకేసిన అట్టలు కుప్పగా ఉన్నాయి. వంకర పోయిన చోటల్లా తెల్లటి ఇంటూ మార్కు. ఇంతకుముందెప్పుడో నా చొక్కా జేబులోంచి ఓ సుద్దముక్క తీసి దాచుకున్నట్టుంది.

పడుకోమంటే, "ఇంకొక్కసారి నాన్నా" అంటోంది.

నేనేం చెప్పినా పాపకి తప్పు దిద్దినట్టే వినిపిస్తుంది. ముందుగదిలో మళ్ళీ కాగితం చింపుతున్న చప్పుడు.