నాయనమ్మకు ఊ కొట్టండి

గాల్వే,
మే, 2021.

చెల్లె మల్లికా,

మన నాయనమ్మ కరోనాతో పోయిందని నీ మెసేజ్ చూశాను. విమానాలు బంద్, ఈ దేశం దాటి రాలేను. ఆమె గొంతు పంపుతున్నాను.

దేశ విభజనలో తూర్పు బెంగాల్ వదిలి కాగజ్‌నగర్ శరణార్థుల క్యాంపుకు చేరిన కథ ఆమె ఫోన్లో చెబితే, ఇక్కడి యూనివర్సిటీ కోసం రికార్డు చేశాను. అడిగేవాళ్ల గొంతు వినపడకూడదని మా రూలు. మొదటిరోజు మౌనంగా విన్నాను. పడవ ఎక్కేచోట కథ ఆపేసింది.

"ఇన్నేండ్లకు అడిగినవ్, ఊ కొట్టవైతివి. గోడకు చెప్పాల్నా బిడ్డా?"

అప్పట్నుంచి మాటమాటకూ ఊ కొట్టాను. యూనివర్సిటీ వాళ్లు నా ఊలన్నీ తీసేయించారు. ఆ చోట్లన్నీ ఖాళీగా ఉన్నాయి.

ఇంట్లో వినేటప్పుడు ఎవరో ఒకరు ఊ కొట్టండి, లేకుంటే ఆమెకు కోపం. ఈ లాక్‌డౌన్ గదిలో నాతో మాట్లాడే గొంతు అదొక్కటే. నేనూ కొడుతూనే ఉన్నాను.

మీ గాల్వే అక్క