దొరసాని నోట రాని మాట

సుబేదారి,
శుక్రవారం.

అమ్మీకి నీ పెద్ద బిడ్డ రేష్మ సలాములు.

నేను ఇక్కడ బాగానే ఉన్నా. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? నానీ తన బిడ్డవైన నీ మాట విని దగ్గుకు దవాఖానకు పోయిందా, లేక ఇంకా వాము నీళ్లతోనే నెట్టుకొస్తోందా? అబ్బా రైలు పట్టాల పనికి వెళ్లేటప్పుడు రెయిన్‌కోటు వేసుకుంటున్నారా? చెల్లె సల్మా చదువుతోందా, టీవీ ముందే కూర్చుంటోందా? ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకు అనుకుంటావేమో. ఫోన్‌లో అయితే నా గొంతు వణకడం నువ్వు ఇట్టే పట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

గది బాగానే ఉంది, ఫికర్ చేయకు. ఇంటామె యాకమ్మది పాలకుర్తి పక్క ఊరు, ఒంటరి మనిషి. రెండు పూటలా నాకూ వండుతుంది. పచ్చిపులుసు బాగా చేస్తుంది గానీ, నీ బగారా అన్నం యాదికొస్తే ముద్ద దిగదు. వారంగా ఒకటే వాన. రోడ్డు దాటాలంటే ఇప్పటికీ భయమే. ఎవరైనా పెద్దామె దాటేదాకా ఆగి, ఆమె కొంగు పక్కనే నడుస్తా.

"ఏందే బిడ్డా, బల్లి కదిలినా ఎగిరిపడతానవ్? మీ అబ్బ నిన్ను గంప కింద కోడిపిల్ల లెక్క పెంచిండా?" అంటుంది యాకమ్మ. నిజమే కదా అమ్మీ. కాలేజీకి కూడా అబ్బా సైకిల్ మీద తప్ప నేనెప్పుడు కదిలాను?

పని సంగతి అడిగావు. కార్టూన్ సీరియల్‌లో నేను గొంతు ఇచ్చే దొరసాని నీకు తెలిసిందే. కోటలో ఏడు గేట్ల వెనక పెరిగిన పిల్ల. వానలో తడవలేదు, పొయ్యి ముట్టించలేదు, కోడిని చూసినా జడుస్తుంది. మా కాలేజీలో గొంతు పరీక్ష పెట్టి సరళ మేడం నన్నే ఎందుకు తీసుకుందో ఇక్కడికి వచ్చాక తెలిసింది. "నీ గొంతుల వణుకున్నది సూడు, గదే నాకు గావాలె" అంది. "నా బిడ్డ నటన మేడంకు నచ్చింది" అని నువ్వు వాడంతా చెప్పుకున్నావు. నటన ఏమీ లేదమ్మీ. స్టూడియో తలుపు మూస్తే బయటి చప్పుడు ఒక్కటీ రాదు. హెడ్‌ఫోన్‌లో నా ఊపిరి నాకే వినిపిస్తుంది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పలికేదాన్ని, అదే అందరికీ నచ్చింది.

ఇప్పుడొచ్చింది చిక్కు. దొరసాని మెల్లమెల్లగా మారింది. పొయ్యి ముట్టించడం నేర్చింది, సంతలో బేరమాడింది, వాగులో పడవ తనే నడిపింది. నేను మాత్రం ఉన్నచోటే ఉన్నా. మొన్న మంగళవారం ఆమె కోట వదిలిపోయే సీను వచ్చింది. ఆఖరి గేటు దగ్గర వాళ్ల నాయన నిలబడి ఉంటాడు. ఆయన కళ్లలోకి చూసి ఆమె ఒక్క మాట అనాలి: "నేను పోతున్నా."

నా నోటికి "పోయొస్తా" అని వచ్చింది.

మేడం ఆపింది. మళ్లీ అన్నా, మళ్లీ అదే. "కాయితం మీద ఉన్నది గది కాదు రేష్మా. ఆమె మల్ల రాదు. పోతున్న అను" అంది. తెలుసు నాకు. కానీ గడప దాటుతూ పోతానంటే నువ్వు నోటి మీద కొట్టేదానివి. నానీ అయితే వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, "జాకే ఆతూఁ బోల్" అని, పోయొస్తానని నాతో అనిపించాకే పంపేది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నోరు దానంతట అదే "పోయొస్తా" అనేసేది. రెండు రోజులు అదే తంతు. బుధవారం సాయంత్రం మేడం మెల్లగా చెప్పింది: "రేపు గూడ కాకుంటే హైదరాబాద్ నుంచి వేరే పిల్లను పిలుస్త. జర ఏమనుకోకు."

పని పోతుందన్న భయం ఒకటి. అసలు భయం వేరే ఉంది, అది నీకు చెప్పలేదు. నేను డోర్నకల్‌లో బయలుదేరిన రోజు నువ్వు లోపల టిఫిన్ డబ్బా కడుతున్నావు. వాకిట్లో అబ్బాతో "పోయొస్తా అబ్బా" అన్నా. "పోయిరా బిడ్డా" అంటారని నిలబడ్డా. ఆయన తన చెప్పుల వైపే చూస్తూ ఉండిపోయారు. నువ్వు డబ్బా తెచ్చేదాకా ఒక్క మాట రాలేదు. ఇప్పుడు నా నోటితో "పోతున్నా" అంటే, ఆ ఇంటికి ఇక రానని నేనే ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని నా భయం.

యాకమ్మకు చెప్తే నవ్వింది. "మా ఊర్ల యక్షగానం ఆడేటోళ్లు పీనుగ లెక్క పండుకుంటరు. ఆట అయినంక లేసి బువ్వ తినరా? అనేది నువ్వు కాదే, నీ బొమ్మ."

నిన్న బిస్మిల్లా అనుకుని, కళ్లు మూసుకుని అనేశా. గొంతు వణికింది. పాడైపోయిందనుకున్నా. మేడం రెండుసార్లు విని, "గిదే ఉంచుదాం. భయపడుకుంటనే పోతాంది పిల్ల" అంది. పని నిలబడింది. బయటికొచ్చి మెట్ల మీద కూలబడి ఏడ్చా. సంతోషంతో కాదమ్మీ, భయంతో.

ఇంకో రెండు వారాల్లో ఆ ఎపిసోడ్ టీవీలో వస్తుంది. సల్మా పెట్టకుండా ఉండదు. అబ్బా పక్కనే కూర్చుని చాయ్ తాగుతారు. బొమ్మను ఆయన చూడరు, నా గొంతే వింటారు. నేను ఒక నాయనతో ఆ మాట అనడం వింటారు.

మామిడికాయ తొక్కు ఎవరైనా ఇటు వస్తుంటే పంపు, చిన్న సీసా చాలు. నానీకి నా సలాం చెప్పు, సల్మాకు ముద్దులు. నేను వేళకు తింటున్నా, నిజంగా బాగానే ఉన్నా. నమాజు తర్వాత నా పేరు మర్చిపోకు.

ఆ ఎపిసోడ్ కంటే ముందే అబ్బాకు చెప్పమ్మీ. పోతున్నా అన్నది దొరసాని, వాళ్ల నాయనతో. నేను మా అబ్బాతో అన్నది పోయొస్తా అనే. ఆయన ఇంకా బదులు చెప్పలేదు. ఏమంటారో అడిగి రాయి.

నీ దువా కోరే
రేష్మ