హన్మాండ్లు స్కాన్ రిపోర్టు తెలుగులో ఇప్పించుట గురించి

దోహా, భారత రాయబార కార్యాలయ సంక్షేమాధికారి గారికి,

అయ్యా,

విషయం: నా రూములో ఉండి గత నెల మరణించిన హన్మాండ్లు యొక్క పేగుల స్కాన్ రిపోర్టును తెలుగులో రాయించి, ముద్ర వేసి, ఆయన భార్య పోచవ్వకు పంపించుట గురించి.

ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపు నివాసి గంగాప్రసాద్ వ్రాసుకొను అర్జీ ఏమనగా:

1. సదరు హన్మాండ్లుకు మలం తారులాగా నల్లగా పోసాగినది. లోపల రక్తం కారితే అట్లా పోవునట. వారం రోజులు దాచాడు. జబ్బు మనిషని తెలిస్తే కంపెనీ ఇంటికి పంపుతుందని క్యాంపులో అందరికీ భయమే. నేనే బలవంతాన ఆసుపత్రికి తీసుకుపోయాను.

2. నాకు హిందీ వచ్చును గనుక తర్జుమా నేనే చేశాను. ఈ రోజు కూడా రక్తం పోయిందా అని వైద్యుడు అడిగారు. "బందైందని చెప్పు తమ్మీ. దవాఖానల పండవెడితే నౌకరి పోతది" అన్నాడు హన్మాండ్లు. ఆ ఉదయం కూడా పోయిందని నాకు తెలుసు. అయినా ఆగిపోయిందనే చెప్పితిని. రక్తం కారుతుండగా తీస్తేనే పేగుల స్కాన్‌లో అది కారే చోటు కనబడునట. రక్తపరీక్ష కూడా పరవాలేదనిపించినందున, స్కాన్ తీయకుండానే, మళ్ళీ రక్తం పోతే ఆ క్షణమే రమ్మని చెప్పి పంపారు.

3. మూడో రోజు సైటులో కూలబడ్డాడు. అప్పుడు నరంలోకి మందు ఎక్కించి స్కాన్ తీయగా, చిన్నపేగులో చిట్లిన రక్తనాళం నుండి ఆ మందు కారుట తెల్లగా కనబడినది. చోటు దొరికింది. మనిషి దక్కలేదు.

4. ఊరివారికి గల్ఫ్ అంతా దుబాయే; అక్కడ మాత్రం "దుబాయిల తాగి తాగి పేగులు కాల్చుకున్నడు" అంటున్నారు. ఆయన కల్లు సైతం ముట్టినవాడు కాడు. ఆ మాట ఫోనులో చెబితే "నువ్వు గూడ గా రూములోనివే గద" అని నవ్వారు. పోచవ్వ నలుగురిలోకి పోవడమే మానుకున్నది. కాలేయం శుభ్రంగా ఉన్నదని రిపోర్టులో స్పష్టముగా ఉన్నది. అది ఇంగ్లీషు. నా మాట నమ్మరు, సర్కారు ముద్రనైతే నమ్ముతారు.

కావున తమరు దయతో పై విషయమును చిత్తగించవలెను. చనిపోయినవానికి ఆ ఒక్క మచ్చ అయినా పోవలెను.

తమ విధేయుడు,
గంగాప్రసాద్

తా.క.: నిన్న పోచవ్వ వదిన ఫోన్ చేసింది. "నువ్వు పక్కపొంటే ఉన్నవ్ గద తమ్మీ, డాక్టర్‌కు అన్ని చెప్పినవా?" అని అడిగింది. "అన్ని చెప్పిన వదినా" అన్నాను. సార్, పైన రెండో నంబరులో రాసినది కూడా ఆమెకు పంపే ఆ తెలుగు కాగితంలో పెట్టించండి, నా పేరుతో సహా. ఆమెకు చెప్పడానికి నాకు ధైర్యం చాలడం లేదు.