పోసిన గింజ, మొలిచిన పైరు

1991 ఫిబ్రవరి 9, శనివారం

మా అబ్బాయి సురేష్ భూమికి వచ్చాం. పెండిల్ హిల్‌లో ఇంటి దగ్గర పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం అయింది. వాడు పోయాక వాడి గేటు నా చేత్తో తీయడం ఇదే మొదలు. భూమిలో సగం నా కొడుకుది, సగం వాడి స్నేహితుడు గ్లెన్‌ది. వాగు పక్కన వాడు ఓట్స్ చల్లే మడి అంతా కలుపు. ఏటా ఆ పచ్చకి జింకలు దిగేవి. ఏడాదికి ఒక్కటే కొట్టేవాడు, మాంసం వీధంతా పంచేవాడు.

ఈసారి నేను చల్లుతాను. ఫిజీలో చెరకు నాటిన చేతులు... ఓట్స్ ఒక లెక్కా.

ఫిబ్రవరి 10

గ్లెన్ వచ్చాడు. నేల చూసి పెదవి విరిచాడు. "వాన లేదు ఆంటీ. ఇది ఎప్పుడు మొలవాలి? ఆ చెట్టు కింద నాలుగు సంచుల మొక్కజొన్న పోద్దాం. వారం తిరిగేసరికి జింకలు వరస కడతాయి."

వద్దన్నాను. గింజ పోయడమంటే పిలవడమే. పిలిచి, పెట్టి, తింటూ ఉండగా చంపుతామా? పైరు వేరు. మొలిచాక అది నేల సొత్తు. రావడం, పోవడం జింక ఇష్టం.

ఈయన నవ్వారు. "దానికేం తెలుస్తుందే ఆ తేడా?"

"నాకు తెలుస్తుంది."

"సురేష్ కూడా ఇదే గొడవ" అన్నాడు గ్లెన్. టీ గ్లాసులు కడిగే వంకతో షెడ్‌లోకి పోయాను.

చివరికి ఒప్పందం. ఈస్టర్‌కి పచ్చ కనపడకపోతే మొక్కజొన్న పోస్తాడట. పోసుకో నాయనా అన్నాను. కనపడుతుంది.

ఫిబ్రవరి 16

గ్లెన్ దున్నాడు. నేను చల్లాను. "మెషిన్ ఉంది కదా ఆంటీ." ఉండనీ. ఇది నా కొడుకు మడి.

మార్చి 2

వాన లేదు. ఈయన నా మొహం చూడరు, నేను ఆకాశం చూడను.

మార్చి 5

ఇక్కడ వాన! అక్కడ? మా అమ్మాయి రేణు చేత గ్లెన్‌కి ఫోన్ చేయించాను. "పౌరింగ్ అంట మమ్, డోంట్ క్రై." పిచ్చిపిల్ల. ఏడవక ఏం చేస్తాను.

మార్చి 16

మొలిచింది. బెత్తెడు. గ్లెన్ టోపీ తీసి నాకు దండం పెట్టాడు, వెక్కిరింతకే. మొక్కజొన్న సంచులు మాత్రం జీప్‌లోంచి దింపలేదు.

మార్చి 30, ఈస్టర్ శనివారం

సురేష్ సంవత్సరీకం. మడి గట్టునే వండాను. గారెలు, పరమాన్నం. ఆకులో ముద్ద పెట్టి కంచె పక్క రాయి మీద ఉంచాం. కాకి కోసం ఎదురుచూపు... ఇక్కడి కాకులు చెట్టు మీద పసిపిల్లల్లా ఏడుస్తాయి గానీ దిగవు. "వీటికి మన పద్ధతులు ఎవరు చెప్తారు" అన్నారీయన.

అప్పుడొచ్చింది దుప్పి. పెద్ద కొమ్ములది. అంత పచ్చా వదిలేసి నేరుగా రాయి దగ్గరికి. ముద్ద తిన్నది. ఆకు నాకింది. వెళ్ళిపోయింది.

గ్లెన్ గుసగుసగా, "ఆంటీ, దీన్నే మేం బెయిట్ అంటాం, ఎర."

ఆటపట్టించడానికే అన్నాడు. నేను పోయి ఖాళీ ఆకు తీసి మడిచాను.

మార్చి 31

"వాడే వచ్చాడేమోనే" అన్నారీయన. నేను అలా అనను. దుప్పి దుప్పే. కానీ నా చేతి ముద్ద తిన్నది. ఇంక దాన్ని కొట్టనివ్వను. అంతే.

ఏప్రిల్ 6

గ్లెన్ తుపాకి తెచ్చాడు. మాట మీద నిలబడ్డాడు, ఒక్క గింజ పోయలేదు. పైరు మీదికి వచ్చినదాన్ని కొట్టుకోమని మొదట్లో నేనే అన్నాను. "ఆ కొమ్ములది తప్ప ఏదైనా" అన్నాను ఇవాళ.

తుపాకి గట్టుకి ఆనించాడు. "అదే కావాలి ఆంటీ. సురేష్ రెండేళ్ళు దాని వెనకే తిరిగాడు. వాడి పేరు మీద కొడదామని..."

నాకు తెలియదు. వాడు చెప్పలేదు. అడగలేదు నేను.

వాడు కోరిందీ అదే. వాడికని పెట్టింది తిన్నదీ అదే.

ఈయన్ని అడిగితే "నీ పైరు, నీ మాట" అంటారు. రేపు పొద్దున చెప్తానన్నాను గ్లెన్‌తో. సరే ఆంటీ, నువ్వెలా అంటే అలాగే అన్నాడు, తుపాకి తీసి జీప్‌లో పెట్టాడు.

అది పైరు మాత్రమే మేసి ఉంటే కొట్టమని ఇట్టే చెప్పేదాన్ని. నేను పిలిచి పెట్టిన ముద్ద తిన్నది...