సల్మా ఇచ్చిన రెండు పేర్లు

ఏలూరు,
8-2-2009, ఆదివారం సాయంత్రం.

ప్రభువునందు ప్రియమైన చెల్లి జాయ్సీకి,

అక్క దేవకుమారి వందనములతో రాయునది. మేమంతా ఇక్కడ ఆరోగ్యంగా ఉన్నాము. నీ గురించి కూడా ఆ మాట అనుకోగలుగుతున్నందుకు దేవునికి స్తోత్రం. నెల రోజులపాటు టీవీలో ఇశ్రాయేలు అనో, నువ్వుండే అష్కెలోన్ అనో పేరు వినబడితే చాలు, చేతిలో ఏముంటే అది కింద పెట్టేసి వచ్చి నిలబడేదాన్ని. ఫోనులో నువ్వు బాగానే ఉన్నానక్కా అన్నప్పుడల్లా నమ్మేశాను. ఎంత బాగున్నావో నీ ఉత్తరం చదివాక తెలిసింది.

ముందు ఇంటి సంగతులు. అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. తాడేపల్లిగూడెంలో నువ్వు పనిచేసిన నర్సింగ్ హోమ్‌కే తీసుకెళ్ళి చూపించాం. అక్కడి ఆయా సూర్యకాంతం నిన్ను మరీ మరీ అడిగింది. రాకెట్లు పడే ఊళ్ళో ఎలా ఉంటుందండీ మన జాయ్సీ, ఇక్కడ బల్లిని చూస్తేనే కేకలు పెట్టేది కదండీ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మీ బావగారికి గూడ్స్ ఆఫీసులో షిఫ్టులు మారాయి. నాకు టెన్త్ వాళ్ళ స్పెషల్ క్లాసులు. నాన్నగారు గట్టిగానే ఉన్నారు. సంఘ పెద్దగా ఈ ఏడు కూడా ఆయన్నే ఉంచారు.

నీ ఉత్తరం బుధవారం చేరింది. నాలుగు పేజీలూ స్టాఫ్ రూములో ఒక్కదాన్నే కూర్చుని చదివాను. బెల్లు కొట్టినా లేవలేకపోయాను. సాయంత్రం మీ బావగారు చదివి, కాయితాలు మడిచి నా చేతికిచ్చేసి, మీ నాన్నగారికి ఇది మనమే తీసుకెళ్ళి చదివి వినిపించాలి, ఫోనులో చెప్పే సంగతి కాదు అన్నారు. నిన్న శనివారం ఇద్దరం గుండుగొలనులో బస్సు దిగి, ఆటోలో మన ఊరు వెళ్ళాం.

భోజనాలకి ముందు మొత్తం చదివాను. ఎక్కడ ఎవరు ఏమన్నారో నీకు తెలియాలని, నువ్వు రాసిందే నీకు మళ్ళీ రాస్తున్నాను, విసుక్కోకు. సైరన్ మోగాక ముప్పై సెకన్లే టైము, నువ్వు ఇంట్లో ఉండి చూసుకునే రివ్కా అవ్వ వీల్‌ఛైరు షెల్టర్ మెట్లు దిగదు, నన్నొదిలేసి నువ్వు పరిగెత్తవే అని ఆవిడ తిడుతున్నా నువ్వు వెళ్ళకుండా, ఆవిడ తల నీ ఒళ్ళో పెట్టుకుని నడవాలో గోడవారన కూర్చునేదానివని రాశావు చూడు, అక్కడ అమ్మ, ఆపవే, కాసేపు ఆపు అంది. నాన్నగారు కళ్ళు మూసుకుని స్తోత్రం, స్తోత్రం అంటున్నారు.

అవ్వ మనవడు ఓరెన్ గాజాలో యుద్ధం నుంచి వచ్చిన రోజు సంగతి చదివాను. నువ్వు సూపు పెడితే తిన్నాడనీ, బూట్లు విప్పకుండా అవ్వ మంచం చివర అలాగే కూర్చున్నాడనీ. అక్కడేం చేశావురా అని అవ్వ అడిగితే, మాకు ఇల్లు కనిపించింది, లోపల ఎవరున్నారో కనిపించలేదు అన్నాడని రాశావు. అమ్మ ఇంకా ఏముందో చదువు అంది.

అప్పుడు సల్మా సంగతి చదివాను. అవ్వకి ఇంజెక్షన్ ఇవ్వడానికి వచ్చే అరబ్బు నర్సు, ఎప్పుడూ నవ్వే మనిషి, ఆ రోజు నవ్వలేదనీ, సూది మాత్రం వణక్కుండా గుచ్చిందనీ. ఏమైందని అవ్వ అడిగితే, గాజాలో ఇచ్చిన మా చెల్లెలి పిల్లలిద్దరూ ఇల్లు కూలి పోయారండీ అందని. హానీకి తొమ్మిదేళ్ళు, రీమ్‌కి నాలుగు. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని నన్ను క్షమించు అంటే, మీరేం చేశారమ్మా అందట సల్మా. మళ్ళీ తనే, అందరూ అదే అంటున్నారు, ఎవరూ ఏమీ చెయ్యకుండానే పిల్లలు పోయారా అందట.

మా ఊరి గుళ్ళో రెండొందల మంది ఉంటారు, ఆ పిల్లల్ని పేర్లు పెట్టి పిలిచి ప్రార్థన చేయిస్తానని నువ్వు మాటిచ్చావు. ఎవరి గుడైనా సరే, పేర్లు మాత్రం పైకి పిలవండి అని సల్మా అడిగింది. ఆ పేజీ పూర్తయ్యాక అమ్మ లేచి వెళ్ళి వడ్డించింది.

అన్నాల దగ్గరే మొదలైంది. ముందు రాకెట్లు వేసిందెవరు బాబూ, అది చెప్పండి అన్నారు నాన్నగారు. వేసినవాళ్ళని నేను వెనకేసుకు రావట్లేదండి మావయ్యగారూ, అవి పడేది మన జాయ్సీ నెత్తిన కూడా కదండీ, కానీ నాలుగేళ్ళ పిల్ల ఏ రాకెట్టు వేసిందండీ అన్నారు మీ బావగారు. పిల్లలున్న ఇళ్ళ మధ్యలోంచి వేసినవాళ్ళదే ఆ పాపం అన్నారు నాన్నగారు. వాళ్ళ పాపం వాళ్ళదేనండి, కాదనను, మరి ఇల్లు కూల్చినవాళ్ళ పాపం కూడా తీసుకెళ్ళి వాళ్ళ నెత్తినే పెట్టేస్తే ఎలాగండీ అన్నారు ఈయన. నాన్నగారు ముద్ద కలుపుతూ ఆగిపోయి, వాళ్ళు దేవుడు ఏర్పరచుకున్న జనం, వాళ్ళని అడగడానికి మనమెవరం అన్నారు. ఏర్పరచుకున్నవాళ్ళనే దేవుడు ఎక్కువ అడుగుతాడు కదండీ, మీరే కదండీ మాకు చెప్పారు అన్నారు ఈయన. ఎంత మెల్లగా అన్నా అది తగిలే మాటే.

అంతటితో ఆపితే బాగుండేది. మీ బావగారు కొల్లేటి గట్ల సంగతి ఎత్తారు. మూడేళ్ళ క్రితం గవర్నమెంటువాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేసిన రోజున మీరు పొక్లెయిన్‌కి అడ్డంగా నిలబడి అడిగారు కదండీ, ఎవరు చేయిస్తున్నారిది అని. నాదేముంది, పని చెయ్యమన్నారు, చేస్తున్నానన్నాడు డ్రైవరు. కాయితం పైనుంచి వచ్చిందన్నారు ఆఫీసర్లు. సరస్సు బతకాలన్నారు చదువుకున్నవాళ్ళు, అదీ నిజమే. మిమ్మల్ని చెరువుల్లోకి దింపిన పెద్ద రైతులు ఆ రోజు కంటికి కూడా కనపడలేదు. మీ వాటా చెరువు పోయిందనే కదండీ జాయ్సీ అంత దూరం వెళ్ళింది, దానికి ఎవరు జవాబు చెప్పారండీ, ఇప్పుడు ఆ పిల్లల తల్లికీ అదే కదండీ అన్నారు.

గట్టు మట్టి బాబూ, పిల్లలు మట్టి కాదు, ఆ రెండూ ఒకచోట పెట్టకండి అన్నారు నాన్నగారు. సగం అన్నం వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నారు. అమ్మ ఊరుకోలేదు. ఎవరిది తప్పో మీరిద్దరూ ఇక్కడ కూర్చుని తేల్చేస్తే ఆ తల్లి ఒళ్ళోకి ఎవరొస్తారండీ అని గట్టిగా అరిచింది. అమ్మ అలా అరవడం నేనెప్పుడూ చూడలేదు. ఆదివారం డ్యూటీ ఉందని మీ బావగారు సాయంత్రమే ఏలూరు వెళ్ళిపోయారు, నేను ఆరాధనకి ఉండిపోయాను. వెళ్ళేటప్పుడు నాన్నగారి కాళ్ళ దగ్గర వంగి, ఎక్కువ మాట్లాడాను, మన్నించండి అన్నారు. నాన్నగారు భుజం తట్టారు.

ఇక నువ్వు అడిగింది. ఆ అబ్బాయికి సూపు పెట్టిన చేత్తోనే సల్మా చెయ్యి పట్టుకున్నానక్కా, ఈ దేశం అన్నం తింటున్నాను, ఇందులో నా పాలెంత, నేను ఇంటికొచ్చెయ్యాలా అని అడిగావు. నాలుగు రోజులుగా జవాబు వెతుకుతున్నాను. వచ్చేస్తే ఆ ముప్పై సెకన్లలో అవ్వని ఎవరు పట్టుకుంటారు? ఉండిపోతే ఆ అబ్బాయి మళ్ళీ వస్తాడు, మళ్ళీ నువ్వే వడ్డించాలి. ఆకలితో వచ్చినవాడికి పెట్టడం తప్పు కాదని రాయబోయాను. వెంటనే సల్మా మాట గుర్తొచ్చింది. నువ్వేం చెయ్యలేదు, నేనేం చెయ్యలేదు, వాడూ లోపల ఎవరున్నారో చూడలేదు. మరి? క్లాసులో పిల్లలు ప్రశ్న అడిగితే తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పి గట్టెక్కుతాను. నీకు అలా రాయడానికి చెయ్యి రావట్లేదు. నాకు తెలియదు జాయ్సీ. పెద్దదాన్నయ్యుండి ఇంతకంటే రాయలేకపోతున్నాను.

ఈ రోజు ఆరాధనలో పాస్టరు యోసేపుగారు నీ ఉత్తరం చదవమని నన్ను పిలిచారు. చదివాను. హానీ, రీమ్ అని పేర్లు కూడా చదివాను. అమ్మ కళ్ళు తుడుచుకుంది. ప్రార్థన అయ్యాక అందరూ ఆమెన్ అన్నారు. సల్మాకి చెప్పు.

వేళకి తిను. చలికి స్వెట్టరు వేసుకో. రివ్కా అవ్వకి మా అందరి వందనాలు.

నీ క్షేమం కోరే అక్క,
దేవకుమారి

తా.క.: మంగళవారం పొద్దున్న. ఆదివారమే ఈ కవరు అంటించేశాను. నిన్నంతా బ్యాగులో పెట్టుకుని తిరిగాను. పోస్టాఫీసు మీదుగానే స్కూలుకి వెళ్ళాను, అటే తిరిగొచ్చాను. ఇప్పుడు కవరు చింపి ఇది రాస్తున్నాను.

పేర్లు నేను చదవలేదు జాయ్సీ.

నాకు ముందు పాస్టరుగారు, ఇశ్రాయేలుకు జయమిచ్చినందుకు, మన బిడ్డను కాపాడినందుకు స్తోత్రమని ప్రార్థన చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నేను మైకు పట్టుకుని నీ మొదటి మూడు పేజీలూ చదివాను. సైరన్ దగ్గర ఆడవాళ్ళు ఏడ్చారు. నువ్వు అవ్వని వదలకుండా కూర్చున్నావన్న దగ్గర హల్లెలూయ అన్నారు. ఓరెన్ ఉన్న నాలుగు వరుసలూ దాటేశాను. నాలుగో పేజీ తిప్పగానే సల్మా పేరు కనిపించింది. తలెత్తి చూశాను. అందరూ చిన్నప్పటినుంచి మనల్ని ఎత్తుకున్నవాళ్ళే. నువ్వు బతికున్నావన్న సంతోషం ఆ ముఖాల్లో అలా వెలుగుతోంది. ఇట్లు మీ జాయ్సీ అని చదివేసి వచ్చి కూర్చున్నాను. వాళ్ళు విన్నదానికి వాళ్ళు ఆమెన్ అన్నారు. వాళ్ళ తప్పేం లేదు.

నాన్నగారు బాధపడతారనే వదిలేశానని నాకు నేను చెప్పుకున్నాను. ఆటో ఎక్కబోతుంటే ఆయన దగ్గరికొచ్చి, ఆ పిల్లల పేర్లు చదవలేదేమ్మా అని అడిగారు. మీకు కష్టంగా ఉంటుందని నాన్నగారూ అన్నాను. నేను వద్దన్నానా అన్నారు. లేదు, అనలేదు. చదువుతావనే తల వంచుకుని కూర్చున్నానమ్మా అన్నారు. మరి మీరైనా లేచి చదవమనలేదేం అని నేను అడగలేదు. ఆయనకీ ఆ ప్రశ్న తట్టినట్టే ఉంది, ఆటో కదిలేదాకా నా వంక చూడలేదు.

మీ బావగారికి నిన్న చెప్పాను. వచ్చే ఆదివారం వెళ్ళి చదువు, నేనూ సెలవు పెట్టి వస్తాను అన్నారు. చదువుతాననే అనుకుంటున్నాను. కానీ మొన్న కూడా చదువుతాననుకునే నిలబడ్డాను.

సల్మా అడిగితే చదివారని చెప్పకు. పాస్టరుగారి మీదా నాన్నగారి మీదా పెట్టకు. ఊళ్ళోవాళ్ళు ఒప్పుకోలేదని అనకు. వాళ్ళని నేను అడగనే లేదు. మా అక్క దేవకుమారి మైకు ముందు నిలబడి కూడా చదవలేదని చెప్పు. నా పేరు పెట్టే చెప్పు.