అవ్వ పట్టుకున్న రిమోట్

ఆదివారం, మర్రిగూడ

ఫైనల్ మ్యాచ్ మధ్యలో ఫ్లోరైడ్ నీళ్ల ప్రకటన మళ్లీ వచ్చింది. ఆ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన మనుషులు నడుస్తూ వచ్చి, మా కాళ్లకు జవాబెవరని అడుగుతారు. ఆటలో ఇలాంటివి వేయొచ్చా అని ఫోన్లలో ఒకటే వాదన. వేయకూడదనే నేనూ అన్నాను. పక్కన అవ్వ ఉంది, ఆమె కాళ్లూ అలాంటివే. నొచ్చుకుంటుందని ప్రకటన వచ్చినప్పుడల్లా ఛానల్ మార్చాను.

మూడోసారి అవ్వ రిమోట్ పట్టుకుంది.

"ఎందుకు మారుస్తున్నవ్ బిడ్డా?"

"నీకు బాధయితదని, అవ్వా."

"నాకేం బాధ? అందరు టీవీ ముంగట కూసునేది గిప్పుడే గదా. జర జూడనీయ్."

ఆమె మోకాళ్లకు నూనె రాస్తూ ప్రకటన మొత్తం చూశాను.

చుట్టాలు వచ్చినప్పుడల్లా ఈ కాళ్ల మీద దుప్పటి కప్పింది నేనే. కప్పమని అవ్వ ఎన్నడూ అడగలేదు...